పికప్ ట్రక్కు మీద వారం రోజుల కాపురం

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న మోయాబ్ పరిసరాలను చూడడానికి, పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో బిగించిన, పడకా వంటపొయ్యీ ఉన్న చిన్న గదిలాంటి క్యాంపర్‌ను అద్దెకు తీసుకుని నేనూ నా భార్యా వారం రోజులు అందులోనే కాపురమున్నాము. డ్రైవరు క్యాబిన్ పైకి చొచ్చుకొచ్చిన పడక ఇద్దరికీ సరిపోయింది గానీ, లేచి కూర్చుంటే తల పైకప్పుకు కొట్టుకుంటుంది.

రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్ మీద అన్నం, పప్పు చక్కగా ఉడికాయి. అయితే పోపు పెట్టిన తరువాత పైకప్పు ఫ్యాను ఎంత వేగంగా తిప్పినా ఇంగువ వాసన మర్నాటి దాకా దుప్పట్లను వదలలేదు.

అసలు చిక్కు బరువుతోనే. 20 గ్యాలన్ల ట్యాంకు నింపితే సుమారు 75 కిలోల నీరు చేరుతుంది. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలోని పేలోడ్ (ట్రక్కు మోయగల గరిష్ఠ బరువు) అంకెలోనే క్యాంపరు, నీళ్లు, సామాను, మనుషులు అన్నీ ఇమడాలి; అద్దెకిచ్చినవారు ఈ మాటే ఎత్తలేదు. మూడో రోజు సింకు కింది గొట్టం కారి మా బియ్యం సంచి తడిసిపోతే, వారు మర్నాడు గానీ బదులివ్వలేదు.

అయినప్పటికీ, వెనుక ట్రైలరు లాగే పని లేనందున ఇరుకైన ఎర్రమట్టి దారుల్లో కూడా నిశ్చింతగా మలుపులు తిరగగలిగాము. ప్రభుత్వ భూముల్లో అనుమతించిన చోట, సాధారణంగా 14 రోజుల వరకు, రుసుము లేకుండా బస చేయవచ్చు. ఇద్దరికైతే మళ్లీ తీసుకుంటాను. పిల్లలతో మాత్రం తీసుకోను.