వాదనకు ముందు పరిచయం: ‘అన్‌బిలీవబుల్?’ కార్యక్రమంపై సమీక్ష

లండన్‌లోని ప్రీమియర్ క్రిస్టియన్ రేడియో 2005లో మొదలుపెట్టిన ‘అన్‌బిలీవబుల్?’ కార్యక్రమం ఒక క్రైస్తవుడినీ, ఆ విశ్వాసం లేని మరొకరినీ, చాలాసార్లు ఒక నాస్తికుడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడిస్తుంది. ఇది పాడ్‌కాస్ట్‌గా ఉచితంగా దొరుకుతుంది. ముఖ్యమైన సంభాషణలు యూట్యూబ్‌లో వీడియోలుగా కూడా ఉన్నాయి. మతం మీద చర్చ అనగానే నలుగురు ఒకేసారి గొంతు పెంచే టీవీ కార్యక్రమాలే గుర్తొచ్చే మనకు, అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగే ఈ పద్ధతి ఎంతో ఊరటనిస్తుంది. దేవుణ్ణి నమ్మే తల్లిదండ్రులు, నమ్మని పిల్లలు ఒకే ఇంట్లో ఉంటూ ఈ విషయం ఎత్తడానికే జంకుతున్న కుటుంబాలకు దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. అయితే ఇందులో ఒక పెద్ద లోటు కూడా ఉంది. దాని దగ్గరికి తరువాత వస్తాను.

మొదటి నుంచి 2023 వరకు దీన్ని నడిపిన జస్టిన్ బ్రయర్లీ స్వయంగా క్రైస్తవుడు. ఆ సంగతిని ఆయన ఎప్పుడూ దాచలేదు, నాస్తికులైన అతిథుల మాటకు అడ్డుపడడానికి దాన్ని వాడుకోనూ లేదు. ఆయన పాటించిన ఒక క్రమం నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచింది. వాదనలోకి దిగకముందే అతిథులు ఎలాంటి ఇంట్లో పెరిగారో, విశ్వాసంలోకి ఎలా వచ్చారో లేదా దాన్ని ఎందుకు వదులుకున్నారో చెప్పించేవారు. ఆ కాసేపటి పరిచయం తరువాత వినే తీరే మారిపోతుంది. చిన్నప్పటి నుంచి చర్చికి వెళ్ళి, ఎన్నో ఏళ్ళు ప్రార్థించి, చివరికి నమ్మలేకపోయిన మనిషిని ‘అహంకారి’ అని తోసిపుచ్చడం క్రైస్తవ శ్రోతకు కష్టమవుతుంది. చదువూ పరిశోధనల మధ్యే బతుకుతూ విశ్వాసానికి వచ్చిన మనిషిని ‘మూఢుడు’ అనడం నాస్తిక శ్రోతకూ అంతే కష్టమవుతుంది.

ఇదే సంస్థ 2018లో మొదలుపెట్టిన ‘ద బిగ్ కాన్వర్సేషన్’ అనే అనుబంధ శ్రేణిలో, 2019లో రోజర్ పెన్‌రోజ్, విలియం లేన్ క్రెయిగ్‌ల మధ్య జరిగిన సంభాషణ నా దృష్టిలో అన్నింటిలోకీ మేలైనది. పెన్‌రోజ్ ఆ మరుసటి ఏడాదే భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న గణిత శాస్త్రవేత్త, ఏ మతాన్నీ అనుసరించని మనిషి. క్రెయిగ్ క్రైస్తవ తత్వవేత్త. పెన్‌రోజ్ తన వాదాన్ని మూడు లోకాలుగా వివరిస్తారు: భౌతిక లోకం, మనసు అనే లోకం, గణిత సత్యాల లోకం. భౌతిక లోకం గణిత సూత్రాల ప్రకారమే నడుస్తుంది, ఆ భౌతిక లోకంలోంచే మనసు పుడుతుంది, ఆ మనసే తిరిగి గణితాన్ని అర్థం చేసుకుంటుంది. ఈ మూడింటినీ కలుపుతున్నది ఏమిటో తనకు అంతుపట్టని రహస్యమని ఆయన ఒప్పుకుంటారు. క్రెయిగ్ ఆ రహస్యాన్ని అక్కడి నుంచే అందుకొని, వీటన్నిటికీ మూలంగా ఒక అనంతమైన మనసు ఉందనుకుంటే చిక్కు విడిపోతుంది కదా అని అడుగుతారు. పెన్‌రోజ్ అంత దూరం రారు. కానీ ప్రకృతికి గణితం ఇంత చక్కగా ఎందుకు సరిపోతోందన్న ఆశ్చర్యం ఇద్దరిలోనూ ఒకే స్థాయిలో వినిపిస్తుంది. ఎవరి అభిప్రాయం వారి దగ్గరే ఉండిపోయినా, ఇద్దరూ నిలబడి ఒకే వైపు చూస్తున్న చోటు ఏదో శ్రోతకు స్పష్టంగా తెలుస్తుంది.

తెలివికీ నమ్మకానికీ ఉన్న సంబంధం గురించి ఇక్కడ కొంత చెప్పాలి, ఎందుకంటే ఇరువర్గాల మధ్య సంభాషణను మొదట్లోనే చెడగొట్టేది అదే. తెలివైనవారు దేవుణ్ణి నమ్మరు అనే మాటకు ఆధారంగా కొందరు మనస్తత్వ శాస్త్రవేత్త జుకర్‌మన్ బృందం పరిశోధనను చూపిస్తారు. ఆ బృందం 2013లో 63 అధ్యయనాలను, 2020లో 83 అధ్యయనాలను కలిపి పరిశీలించి, తెలివితేటల పరీక్షల మార్కులకూ మతాసక్తికీ మధ్య వ్యతిరేక సంబంధం ఉందని తేల్చిన మాట నిజమే. కానీ ఆ సంబంధం బలం 2020 లెక్క ప్రకారం మైనస్ 0.20 నుంచి మైనస్ 0.23 వరకు మాత్రమే (సున్నా అయితే సంబంధమే లేదని, మైనస్ 1 అయితే పూర్తి వ్యతిరేక సంబంధమని అర్థం). అంటే మనుషుల మతాసక్తిలో కనిపించే తేడాల్లో ఈ మార్కులతో ముడిపడేది సుమారు నాలుగైదు శాతం. పైగా ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు పాశ్చాత్య దేశాలవారు. ఇలాంటి సగటును పట్టుకుని ఎదురుగా ఉన్న ఒక మనిషి బుద్ధిని అంచనా వేయడం శాస్త్రీయం కాదు. ఇదే అనుబంధ శ్రేణిలో 2022లో నాస్తిక జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్, ఫ్రాన్సిస్ కాలిన్స్ కలిసి మాట్లాడిన సంచిక ఈ సంగతిని లెక్కల అవసరం లేకుండానే చూపిస్తుంది. కాలిన్స్ మానవ జన్యుపటం ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన వైద్యుడు, యువకుడిగా నాస్తికుడిగా ఉండి తరువాత క్రైస్తవుడైన మనిషి. జీవపరిణామం విషయంలోనూ, కోవిడ్ టీకాల విషయంలోనూ ఆయనకూ డాకిన్స్‌కూ పేచీ లేదు. ఇద్దరూ విడిపోయేది ఆ పరిణామం వెనుక ఒక ఉద్దేశం ఉందా అన్న ప్రశ్న దగ్గర, అది మార్కులతో తేలే ప్రశ్న కాదు.

ఇక లోటు సంగతి. ఈ కార్యక్రమం వెతికే ఉమ్మడి నేల దాదాపు ఎప్పుడూ ఆలోచనల్లోనే ఉంటుంది. విశ్వం ఎలా పుట్టింది, నైతికతకు మూలమేది, యేసు పునరుత్థానానికి చారిత్రక ఆధారాలున్నాయా అన్న ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. అతిథుల్లో ఎక్కువమంది బ్రిటన్, అమెరికా విద్యావేత్తలు కావడం వల్ల కులం, పేదరికం వంటివి చర్చ దరిదాపుల్లోకి రావడం అరుదు. తెలుగు నేల మీద క్రైస్తవుల, నాస్తికుల కథ మరో రకంగా నడిచింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం, బ్రిటిష్ కాలపు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ‘పుట్టుదొంగలు’ అని ముద్రపడ్డ ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు; దాన్ని మొదట నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. ఆ వ్యవస్థలో నిర్బంధం ఉందన్నది మరువకూడదు. దశాబ్దాల తరువాత అదే ఊళ్ళో సంస్కరణకు పూనుకున్నవారు నాస్తికులైన లవణం, హేమలత దంపతులు. లవణం విజయవాడ నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా కుమారుడు. హేమలత ‘క్రీస్తు చరిత్ర’ రాసిన మహాకవి గుర్రం జాషువా కుమార్తె. నాస్తికుడి ఇంటికీ క్రీస్తును కావ్యంగా రాసిన కవి ఇంటికీ 1960లో వియ్యం కుదిరింది. ఇలాంటి జీవితాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే సంచికలు ఈ కార్యక్రమంలో వస్తే, దాని విలువ రెట్టింపవుతుందని నా నమ్మకం.

భాష పూర్తిగా ఆంగ్లం, అదీ ఎక్కువగా బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణల్లో. తత్వశాస్త్ర పదాలు ధారాళంగా దొర్లుతాయి. కొత్తవారు డాకిన్స్, కాలిన్స్‌ల సంచికతో మొదలుపెట్టి, ఆ తరువాత పెన్‌రోజ్, క్రెయిగ్‌ల దగ్గరికి వెళ్ళడం మంచిది. మనసు, స్వేచ్ఛాసంకల్పం మీద నాస్తిక తత్వవేత్త డేనియల్ డెన్నెట్, క్రైస్తవ తత్వవేత్త కీత్ వార్డ్ మాట్లాడిన సంచికను మూడోదిగా ఉంచుకోండి, అది కాస్త బరువైనది. వీలైతే ఒంటరిగా వినకుండా, మీతో ఏకీభవించని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని వినండి, మధ్యమధ్య ఆపి మాట్లాడుకోండి.