ఉమ్మి డీఎన్‌ఏ కిట్ రివ్యూ: నాలుక సంగతి పర్లేదు, పళ్ళ సంగతి దండగ

మా వాడికి ఏడేళ్ళు, అప్పుడే నాలుగు పాలపళ్ళు పుచ్చిపోయాయి. దీని మీద ఇంట్లో రోజూ పంచాయితీయే. "మీ వంశమే అంత, మామయ్యకి యాభై ఏళ్ళకే కట్టుడు పళ్ళు" అని మా ఆవిడ, "మీ నల్గొండ పళ్ళేమన్నా ముత్యాలా" అని నేను. ఇలా తెగేది కాదని ఫోన్‌లో యాడ్ చూసి నాకొకటి, వాడికొకటి డీఎన్‌ఏ కిట్ ఆర్డర్ పెట్టేశా, ఒక్కోటి 6,499. రుచులు, తిండి, దంతాలు అని మూడు రిపోర్టులు వస్తాయన్నారు. కంపెనీ పేరు వద్దులెండి.

ముందు శాంపిల్ గోల చెప్పాలి. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు, ట్యూబ్‌లో గీత దాకా ఉమ్మి నింపాలి, నురగ లెక్కలోకి రాదు. నాది ఓకే, పిల్లాడికి గీతలో సగం కూడా రాలా. మా అత్తమ్మ వంటింట్లోంచి పచ్చి మామిడికాయ తెచ్చి వాడి ముందు కూర్చుని ఉప్పూకారం అద్దుతూ చప్పరిస్తూ తింటుంటే అప్పుడు నిండింది ట్యూబ్, రెండు నిమిషాల్లో. మాన్యువల్‌లో ఈ ట్రిక్ రాసి ఉంటే బాగుండేది. తీరా మూడు వారాలకి నా శాంపిలే పనికిరాలేదని మెయిల్, మళ్ళీ కిట్ పంపారు కానీ కొరియర్ చార్జీ నేనే కట్టుకోవాలంట. మొత్తం రెండు నెలలు పట్టింది.

రుచుల రిపోర్ట్ మాత్రం నిజంగా ఇంట్రెస్టింగ్. చేదు తెలియడానికి మనిషికి పాతిక దాకా రిసెప్టర్ జీన్స్ (నాలుక మీద రుచిని పసిగట్టే వాటిని తయారుచేసే జీన్స్) ఉన్నాయి, వాటిలో టాస్2ఆర్38 అని ఏడో క్రోమోజోమ్ మీద ఉండేది ఫేమస్. దీని కథ 1931లో మొదలైంది, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో ఆర్థర్ ఫాక్స్ అనే కెమిస్ట్ పీటీసీ అనే పౌడర్ సీసాలో పోస్తుంటే కొంచెం గాల్లోకి లేచింది, పక్కనున్నాయన చేదు చేదు అని మొత్తుకున్నాడు, ఫాక్స్‌కి మాత్రం చేదన్నదే తెలియలా. ఒకే పౌడర్, రెండు నాలుకలు. ఆ జీన్ ఏదో దొరికేసరికి 2003 అయింది. అందులో మూడు చోట్ల తేడా ఉంటుంది, ఆ తేడాని బట్టి చేదు పట్టే కాపీ, పట్టని కాపీ అని ప్రధానంగా రెండు రకాలు. అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి, మనిషికి రెండు కాపీలుంటాయి. నాకు రెండూ పట్టనివే, మా వాడికి ఒకటి అదీ ఒకటి ఇదీ. అంటే పట్టేది వాళ్ళమ్మ దగ్గర్నుంచే వచ్చుండాలి. క్యాబేజీ ఉడికే వాసనకే వాడు ఇల్లు దాటిపోతాడు, నేనేమో రెండు గరిటెలు వేసుకుంటా, ఇన్నాళ్ళూ వాడిది మొండితనం అనుకుని తిట్టేవాణ్ణి, పాపం.

కానీ ఇక్కడే రిపోర్ట్ తప్పులో కాలేసింది. "మీకు కాకరకాయ, వేపపువ్వు చేదుగా అనిపించకపోవచ్చు" అని నాకు రాశారు. బాబూ, కాకరకాయ చేదు వేరు. ఈ జీన్ పట్టేది పీటీసీ లాంటి పదార్థాల్నీ, క్యాబేజీ, ఆవాల జాతిలో ఉండే కొన్నిటినీ, కాకరకాయలో చేదు పదార్థాలు ఆ జాతివి కావు. నాకు కాకరకాయ చేదు బ్రహ్మాండంగా తెలుసు, బెల్లం వేసిన పులుసైతేనే తింటా. యాడ్‌లో దేశీ ఫుడ్ అని చెప్పుకోడానికి బ్రకోలీ తీసేసి కాకరకాయ పెట్టినట్టున్నారు. కొందరికి కొత్తిమీర సబ్బు వాసన వేస్తుంది కదా, దాని జీన్ అని ఇంకోటి ఉంది, అది చాలా చిన్న ఎఫెక్ట్, చదివి వదిలేయండి.

అసలు విషయం ఏంటంటే ఈ మాత్రం తెలుసుకోడానికి అంత డబ్బు అక్కర్లేదు. స్కూల్ ల్యాబులకి అమ్మే పీటీసీ పేపర్ స్ట్రిప్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వంద స్ట్రిప్స్ డబ్బా నాకు నాలుగొందల లోపే పడింది. ఉగాది రోజు పచ్చడి తిన్నాక అందరూ నోరు కడుక్కుని లైన్లో కూర్చున్నారు, తలా ఒకటి నాలుక మీద పెట్టా. మా ఆవిడ మొహం చూడాలి, సింక్ దగ్గరికి పరుగు. మా వాడు "థూ" అన్నాడు. నేనూ మా పాపా కాయితం నములుతున్నట్టు అలాగే కూర్చున్నాం. కిట్ చెప్పిందే స్ట్రిప్ కూడా చెప్పింది, అరనిమిషంలో.

ఇక దంతాల రిపోర్ట్, దీనికోసమే కొన్నది. "పుచ్చు రిస్క్: మధ్యస్థం" అంతే. పసుపు రంగు మీటర్, ముల్లు మధ్యలో. కింద "స్వీట్లు తగ్గించండి, రోజుకి రెండుసార్లు బ్రష్ చేయండి" అని. ఇది మా ఎల్‌కేజీ టీచర్ కూడా చెప్పింది. పుచ్చులో జీన్స్ వాటా కొంత ఉందన్నది అబద్ధం కాదు, కవలల మీద చేసిన స్టడీల్లో తేలిందే, కానీ అది ఒక్క జీన్ కాదు, ఎనామెల్ గట్టిదనం, ఉమ్మి, పంటి గాడుల లోతు, తీపి మీద ఇష్టం ఇలా చాలా జీన్స్ తలా కాస్త. పైగా చేదు గట్టిగా తెలిసే పిల్లలు తీపి ఎక్కువ కోరుకుంటారని ఒక స్టడీ, అలాంటి పిల్లలకే పుచ్చు తక్కువని ఇంకో స్టడీ, రెండూ చదివాక ఆ ముల్లు మధ్యలో ఎందుకుందో అర్థమైంది.

చివరికి మా కాలనీ డెంటిస్ట్ దగ్గరికి రిపోర్ట్ ప్రింట్ తీసుకుని వెళ్ళా. ఆవిడ మొదటి పేజీ చూసి పక్కన పెట్టి వాడి నోట్లో అద్దం పెట్టి అడిగింది, "రాత్రి పాలు ఎన్నింటికి? అందులో ఏం కలుపుతారు? తర్వాత బ్రష్ చేస్తాడా?" చాక్లెట్ పౌడర్, చేయడు. "మధ్యలో ఏం తింటాడు?" మా అత్తమ్మ కొంగు ముడిలో చాక్లెట్లుంటాయి, ఏడ్చినప్పుడల్లా ఒకటి. ఎంత తిన్నాడన్నది కాదండీ ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం అంది. తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ బాక్టీరియా యాసిడ్ చేస్తుంది, పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువని) 5.5 కిందికి పోతే ఎనామెల్, అంటే పంటి పైపొర, కరగడం మొదలవుతుంది, ఉమ్మి దాన్ని మళ్ళీ సర్దడానికి అరగంటో గంటో పడుతుంది, ఈలోపు ఇంకో చాక్లెట్ పడితే మళ్ళీ మొదటికి. ఇంకో మాట, ముద్ద వేడిగా ఉందా అని మన నోట్లో పెట్టి చూసి అదే స్పూన్‌తో పిల్లలకి పెడతాం కదా, ఆ బాక్టీరియా అలా కూడా వెళ్తుందంట. వంశంలో పళ్ళు అనుకునేదాంట్లో స్పూన్ వాటా కూడా ఉందన్నమాట.

మా ఆవిడ పళ్ళ మీద గోధుమ మచ్చలు తనవల్ల వీడికొస్తాయని భయపడేది, దాని గురించి రిపోర్ట్‌లో ముక్క లేదు. డాక్టరమ్మ ఒక్క చూపు చూసి "చిన్నప్పుడు బోరు నీళ్ళా?" అంది. అవును, లీటర్‌కి ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదంటుంది డబ్ల్యూహెచ్‌ఓ, నల్గొండ పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్ళల్లో అంతకంటే బాగా ఎక్కువ ఉండేది. పన్ను తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే వచ్చే మచ్చలివి, కడుపున పుట్టినవాళ్ళకి అంటవు. మా ఆవిడ బయటికొచ్చి స్కూటీ ఎక్కేదాకా ఏం మాట్లాడలా, ఎక్కాక "విన్నారుగా" అంది.

కన్సల్టేషన్ మూడొందలు. శాశ్వత దవడ పళ్ళు వచ్చేదాకా ఆగి గాడుల్లో సీలెంట్ (పుచ్చు పట్టకుండా వేసే పూత) వేద్దామంది.

ఇంటికొచ్చి అత్తమ్మకి కిట్ రేటు చెప్తే, "నన్నడుగుతే ఉత్తగనే చెప్తుంటి గద అల్లుడా, గా చాక్లెట్లు నేనే ఇస్తున్ననని" అంది.

నా రేటింగ్: కిట్‌కి ఐదుకి రెండు, అదీ చేదు జీన్ పేజీ కోసం. స్ట్రిప్స్‌కి ఐదుకి ఐదు, ఇంకా తొంభై పైనే మిగిలున్నాయి, దసరాకి మా బావ వాళ్ళు వస్తున్నారు, వాళ్ళకింకా చెప్పలేదు.