పెయ్య దూడకి గుండె స్కాన్: వెటర్నరీ కాలేజీ హాస్పిటల్ రివ్యూ (5కి 4)

దూడకి గుండె జబ్బేంటి, దానికి మళ్ళీ స్కానింగేంటి అని మా వీధిలో నవ్వినోళ్ళే ఎక్కువ. అయినా ఆయాసపడే దూడ ఇంట్లో ఉన్నోళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. ఇది మా వైపు వెటర్నరీ కాలేజీలో ఉన్న పశువుల హాస్పిటల్ గురించి.

మాది జెర్సీ క్రాస్ పెయ్య. పుట్టినప్పుడు ఏ లోపం కనపడలా, లేచి నిలబడి జున్నుపాలు బానే తాగింది. మూడు వారాలు దాటాక మొదలైంది గోల, పొదుగు దగ్గర నాలుగు గుటకలు తాగడం, వదిలేసి డొక్కలెగరేస్తూ రొప్పడం, మళ్ళీ కాసేపటికి తాగడం. పక్కింటి దూడ అదే వయసుది, తాడు తెంపుకుని పరిగెడుతుంటే మాది నీడలో కూలబడి ఉండేది. నెమ్ము చేసిందని ఇంజెక్షన్లు వేయించాం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. మెడికల్ షాపాయన లివర్ టానిక్కు, కాల్షియం సీసాలు అంటగట్టాడు. మా అత్తయ్యేమో ఆవు సూడి మీద ఉండగా గ్రహణం పట్టింది, అందుకే ఇలా అయింది అని తేల్చేసింది.

పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే సంచార వాహనంలో వచ్చిన డాక్టరు గారు ఎడమ పక్క విని, కుడి పక్క స్టెత్ పెట్టి చాలాసేపు అక్కడే ఉండిపోయారు. "ఇది నెమ్ము ఒక్కటే కాదండీ, గుండెలో శబ్దం ఉంది, కాలేజీకి తీసుకెళ్ళి ఎకో (గుండె స్కాన్) చేయించండి" అన్నారు. నిజం చెప్పాలంటే సగం రివ్యూ ఆయనకే రాయాలి, అంతకుముందు చూసినోళ్ళెవరూ కుడి పక్క స్టెత్ పెట్టలేదు మరి.

టాటా ఏస్‌లో గడ్డి పరిచి తీసుకెళ్ళాం. ఓపీ చీటీ దగ్గర పెద్ద క్యూ, కుక్కలోళ్ళూ మనమూ ఒకటే లైను, మన దూడ పక్కన ఎవరిదో లాబ్రడార్ మొరుగుతుంటే అసలే ఆయాసం ఉన్న జీవం ఇంకా బెదిరిపోయింది. పశువులకి వేరే కౌంటర్ పెడితే ఏం పోతుందో. నీడ తక్కువ, నీళ్ళ తొట్టి మాత్రం శుభ్రంగా ఉంది. ఒక మార్కు కోసింది ఇక్కడే.

లోపలికి వెళ్ళాక మాత్రం వంక పెట్టడానికి లేదు. పీజీ చదివే అమ్మాయి ముందు చెవి ట్యాగ్ మీద ఉన్న 12 అంకెల నంబరు రాసుకుంది, జ్వరం చూసింది, కంటి రెప్ప తిప్పి రక్తం ఉందా లేదా చూసింది. పిడుదులు పట్టి రక్తం తగ్గిపోయిన దూడల్లో కూడా గుండెలో ఇలాంటి శబ్దం వస్తుందంట, అందుకని ముందు రక్త పరీక్ష చేసి అది కాదని తేల్చుకున్నారు. తర్వాత నన్ను పిలిచి "అంకుల్, ఇక్కడ చెయ్యి పెట్టండి" అని కుడి ముందుకాలి చంక కింద నా అరచేయి ఆనించింది. సెల్‌ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టినట్టు చెయ్యంతా గుర్రుమంటోంది! స్టెత్ చెవిలో పెడితే లబ్ డబ్ అని విడిగా వినపడట్లా, మధ్యలో అంతా ఒకటే "హుష్‌ష్" శబ్దం.

స్కాన్ కోసం కుడి పక్క నాలుగో పక్కటెముక సందులో వెంట్రుకలు గీసి, జెల్లు రాసి, దూడని నిలబెట్టే చేశారు. మత్తు ఇవ్వలేదు. మన ఊరి ఆసుపత్రుల్లో సూడి చూసే స్కాన్ మెషిన్ ఉంటుంది కదా అని అడిగా, అది పేడదారిలోంచి పెట్టి చూసే ప్రోబ్ అంట, పక్కటెముకల సందులోంచి గుండె చూడాలంటే వేరే రకం కావాలంట. తెర మీద గుండె గదులు కదులుతున్నాయి, స్కాన్ చేసే డాక్టర్ మేడం గారు కలర్ బటన్ నొక్కగానే ఎడమ గది నుంచి కుడి గదిలోకి రంగురంగుల మంటలాగా రక్తం చిమ్ముతూ కనిపించింది. కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం, బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం) మొదలయ్యే చోటుకి కాస్త కింద. వీఎస్‌డీ అంటారు. దూడల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఎక్కువగా కనపడేది ఇదేనంట.

మేడం ఓపిగ్గా చెప్పారు. కడుపులో ఉన్నప్పుడు దూడ ఊపిరి పీల్చదు కాబట్టి గుండెకి రెండు పక్కలా ఒత్తిడి దాదాపు సమానమే, రంధ్రం ఉన్నా తేడా తెలీదు. పుట్టాక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మెల్లగా తగ్గుతూ వస్తుంది, అప్పుడు ఎడమ పక్క రక్తం రంధ్రంలోంచి కుడి పక్కకి తోసుకొచ్చి ఊపిరితిత్తులకి మోయలేనంత వెళ్తుంది. అందుకే మొదటి వారాలు బానే ఉండి తర్వాత రొప్పడం, మాటిమాటికీ నెమ్ము రావడం. ఇంకో సంగతి, చిన్న రంధ్రమైతే ఎక్కువ చప్పుడు చేస్తుందంట, మరీ పెద్దదైతే చప్పుడు తక్కువే ఉండొచ్చంట, కాబట్టి స్టెత్ ఒక్కదాంతో ఎంత ప్రమాదమో చెప్పలేం, కొలవాల్సిందే. మాది బృహద్ధమని వెడల్పులో సగం దాకా ఉంది. చిన్నదేం కాదు.

ఆపరేషన్ ఉందా అని అడక్కుండా ఎలా ఉంటాం. మనుషుల పిల్లలకి గుండె ఆపి, మెషిన్ మీద పెట్టి మూసేస్తారు గానీ పాడి పశువుకి ఆ ఖర్చూ ఆ ఏర్పాట్లూ అయ్యే పని కాదని మొహమ్మీదే చెప్పేశారు. మందులు కూడా ఒక సంచెడు రాయలేదు. నెమ్ము వస్తే దానికి మందు, గంగడోలు దగ్గర నీరు దిగితే నీరు లాగే ఇంజెక్షన్, పాలు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా పట్టడం, ఎండలో తోలకపోవడం. అంతే. మెడ నరం ఉబ్బి కొట్టుకుంటున్నా, నాలుక నీలంగా మారినా వెంటనే ఫోన్ చేయమన్నారు. ఈ మాట ముందే ఎవరైనా చెప్పుంటే ఆ టానిక్కుల డబ్బులు మిగిలేవి. నయం కాదని తేల్చి చెప్పించుకోడానికి ఇంత దూరం ఎందుకని మా తమ్ముడు దెప్పాడు, నాకైతే అదే పెద్ద సర్వీసు అనిపించింది.

పెద్దదయ్యాక చూలు కట్టించొద్దన్నారు, ఒకటి ఈత బరువు ఆ గుండె తట్టుకోదు, రెండోది వంశంలో దిగే అవకాశం ఉంది. తల్లి ఆవుకి చూలు సూది వేసిన స్ట్రా (ఎద్దు వీర్యం ఉండే సన్న గొట్టం) మీద ఎద్దు నంబరు ఉందా అని కూడా అడిగారు, ఊళ్ళో ఆ సూదులేసే మా గోపాలమిత్ర రిజిస్టర్ చూసి చెప్పాడు. ఒక్క దూడని బట్టి ఎద్దు మీద తప్పు వేయలేం, అదే ఎద్దు దూడల్లో ఇంకొకటి ఇలా తేలితే అప్పుడు ఆలోచిస్తారంట. ఇదే ఆవుకి ఈసారి వేరే ఎద్దు వేయిస్తున్నాం. గ్రహణం సంగతి మేడం ముందు ఎత్తలేదు, అత్తయ్య పక్కనే ఉంది.

వెయిటింగ్‌లో ఉండగా ఆ పీజీ అమ్మాయి తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది, గుండె ఛాతీలో కాకుండా మెడ దగ్గర చర్మం కింద కొట్టుకుంటున్న దూడ. దాని ముందు మాది నయం అనిపించింది, ఏం చేస్తాం.

ఇప్పుడు మా పెయ్య తోటి దూడల్లో సగం ఉంటుంది సైజు, కానీ మేస్తోంది, పిలిస్తే వస్తుంది. ఎన్నాళ్ళో వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వెళ్ళేవాళ్ళకి: ఎకో చేసే మేడం రోజూ ఉండరు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పొద్దున్నే ఎండెక్కకముందు బయల్దేరండి, చెవి ట్యాగ్ నంబరు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు పట్టుకెళ్ళండి. వీలైతే తల్లిని కూడా ఎక్కించుకోండి, లేకపోతే దూడ అరుపులకి స్కాన్ సగంలో ఆపాల్సొస్తుంది.