సెకండ్ హ్యాండ్ వైడ్ లెన్స్ కొంటున్నారా? అద్దం మరీ శుభ్రంగా ఉంటే జాగ్రత్త

హైదరాబాద్‌లో పాత లెన్స్ కొని, రెండో రోజే దాన్ని బ్యాగులో వేసుకుని లాంగ్ డ్రైవ్‌కి బయల్దేరేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఈ సంక్రాంతి సెలవుల్లో నేను అలాగే వెళ్లాను. ఐదు రోజులు, 1,200 కిలోమీటర్ల పైన తిరిగి వచ్చాను. ఆ లెన్స్‌తో తీసిన ఫోటోలన్నిట్లో ఎడమవైపు మసకే. లెన్స్‌కి పెట్టిన 36,000 రూపాయలు ఎప్పటికైనా వస్తాయేమో. గండికోటలో ఆ పొద్దు మాత్రం మళ్లీ రాదు.

కొన్నది 16-35 ఎంఎం ఎఫ్/4 లెన్స్, అంటే విశాలమైన దృశ్యాన్ని ఒకే ఫ్రేములో పట్టే వైడ్ జూమ్. దుకాణం కోఠిలో. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు, అడిగినా చెప్పను.

పాత లెన్స్ కొనేటప్పుడు ఏం చూడాలో నాకు తెలుసనే అనుకున్నాను. వెనక మూత తీసి, ఫోన్ టార్చ్ వేసి, ఫంగస్ ఉందా, గీతలు ఉన్నాయా, లోపలికి వచ్చే వెలుతురుని పెంచి తగ్గించే బ్లేడ్ల మీద నూనె చేరిందా అని అన్ని కోణాల్లో చూశాను. ఏమీ లేదు. అద్దం మంచినీళ్లలా ఉంది. "అన్నా, సింగిల్ హ్యాండ్ పీస్, మింట్ కండిషన్. ఆరేళ్లయింది గానీ బయటికి తీసిందే లేదు. ఏం టెన్షన్ తీసుకోకు" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. దుకాణంలోనే నాలుగు ఫోటోలు తీసి, కెమెరా స్క్రీన్ మీద జూమ్ చేసి చూశాను. బాగున్నాయి. యూపీఐలో డబ్బు కట్టాను. బిల్లు అడిగితే "జీఎస్‌టీ వేస్తే రేటు పెరుగుతుంది" అని, పైన 'ఎస్టిమేట్' అని అచ్చేసిన చిన్న చీటీ మీద రాసిచ్చాడు. కింద ఎర్ర స్టాంపు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆ చీటీ తీసుకోవడం నా మొదటి తప్పు.

నాన్నది జమ్మలమడుగు దగ్గర పల్లె. మేం కొత్త ఇంట్లోకి మారాక, హాలు గోడకి గండికోట లోయ ఫోటో నాలుగడుగుల వెడల్పున ప్రింట్ చేయించి పెట్టాలని నా కోరిక. చిన్నప్పుడు ఆయన నడిచి వెళ్లిన చోటు అది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో వెళ్లలేరు. వైడ్ లెన్స్ కొన్నదే అందుకు.

బావ, నేను తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరి 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు చేరాం. ఓర్వకల్లు రాళ్ల దగ్గర కాసేపు ఆగి, యాగంటి చూసుకుని, బెలుం గుహల మీదుగా చీకటి పడేసరికి గండికోటకి వెళ్లాం. మర్నాడు 5 గంటలకే టార్చ్ వేసుకుని రాళ్ల మీదుగా లోయ అంచుకి వెళ్లి ట్రైపాడ్ నిలబెట్టాను. చలి, గాలి. ఆకాశంలో మబ్బు. వెలుగు వస్తుందో రాదో అనుకుంటూ గంటన్నర కూర్చున్నాం. తర్వాత మబ్బు కింద సన్నటి సందు దొరికింది. పెన్నా మీద పొగమంచు తేలుతుండగా, పొరలు పొరలుగా పేర్చినట్టున్న రాతి గోడలు అడుగు నుంచి పైదాకా ఎర్రగా వెలిగాయి. పది నిమిషాలు కూడా లేదు. 40 ఫ్రేములు తీశాను. బావ సామాన్యంగా మాట్లాడకుండా ఉండడు, అప్పుడు మాత్రం నోరు తెరవలేదు. స్క్రీన్ మీద మధ్య భాగం జూమ్ చేసి చూసుకున్నాను. పదునుగా ఉంది. నాన్నకి ఫోన్ చేసి "దొరికింది" అని చెప్పాను.

అందరం చేసే పొరపాటే ఇది. ఫోటో తీశాక మధ్యలోనే జూమ్ చేసి చూస్తాం. మనుషుల ఫోటోలకి అది సరిపోతుందేమో. ల్యాండ్‌స్కేప్‌లో మూలన ఉన్న గడ్డిపరక, అంచున ఉన్న రాయి కూడా మధ్యలో ఉన్న నదితో సమానమే.

అనుమానం వచ్చింది నాలుగో రోజు, లేపాక్షిలో. గుడిలో అసంపూర్తిగా వదిలేసిన కల్యాణ మండపం స్తంభాల వరుసని ఎదురుగా నిలబడి తీశాను. కుడివైపు స్తంభాల మీద ఉలి గీతలు కూడా లెక్కపెట్టొచ్చు, ఎడమవైపు స్తంభాల మీద శిల్పం మైనం కరిగినట్టు ఉంది. అన్నీ దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి, ఎఫ్/8 పెట్టాను, అంటే ముందూ వెనకా పదునుగా వచ్చేలా లెన్స్ ద్వారం సన్నగా ఉంచాను, ట్రైపాడ్ మీద ఉంది. చెయ్యి వణికిందనడానికి లేదు. కెమెరాని తలకిందులు చేసి అదే ఫ్రేము మళ్లీ తీశాను. ఈసారి ఎడమ స్తంభాలు బాగున్నాయి, కుడి స్తంభాలు కరిగాయి. కెమెరాతో వచ్చిన పాత కిట్ లెన్స్ తగిలించి చూస్తే రెండు వైపులా సమానంగా వచ్చింది. అంటే కెమెరా తప్పు కాదు, లెన్స్‌దే. ఆ రాత్రి హిందూపురం లాడ్జిలో ల్యాప్‌టాప్ తెరిచి గండికోట ఫోటోలు ఒక్కొక్కటే 100 శాతానికి పెంచి చూశాను. నలభైకి నలభై. ఎడమ పావు భాగంలో రాతి పొరలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి.

ఫోన్‌లో చూస్తే ఈ తేడా తెలియదు. ఎవరికి పంపినా "సూపర్" అంటారు. నాలుగడుగుల ప్రింట్ వేసి గోడకి పెడితే, హాల్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది.

దీన్ని డీసెంటరింగ్ అంటారు. లెన్స్ లోపల పది పదిహేను గాజు పలకలు ఒకే ఇరుసు మీద కచ్చితంగా నిలవాలి. అందులో ఒకటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా, ఒరిగినా, ఫోటోలో ఒక పక్కో ఒక మూలో మసకబారుతుంది. కింద పడితే అలా జరగొచ్చు. నా లెన్స్ పడలేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, బల్ల మీద పెట్టిన రెండు నిమిషాల్లో టెక్నీషియన్ చెప్పాడు: "దీన్ని ఇంతకుముందు బయట విప్పారండీ. ఫంగస్ క్లీన్ చేశారు. ముందు గ్రూప్ మళ్లీ సరిగ్గా కూర్చోలేదు." గ్రూప్ అంటే ఒక్కటిగా బిగించిన కొన్ని గాజు పలకలు. వెనక మౌంట్ దగ్గర, అంటే కెమెరాకి తగిలించే రింగు దగ్గర, స్క్రూల తలలు చూపించాడు. మూడింటికి నల్ల పూత చెదిరి లోహం మెరుస్తోంది.

అప్పుడు అర్థమైంది నేనెక్కడ మోసపోయానో. మన దగ్గర వానాకాలమంతా గాలిలో తేమ ఎక్కువ. లెన్స్‌ని బ్యాగులో పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలేస్తే ఫంగస్ పట్టడం మామూలే. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే చాలు. అలాంటి లెన్స్‌ని తక్కువకి కొని, విప్పించి తుడిపించి అమ్మేవాళ్లున్నారు. తుడవడం తేలికే, గాజుని మళ్లీ ఉన్నచోట కచ్చితంగా కూర్చోబెట్టడానికే కొలిచి సరిచేసే పరికరాలు కావాలి. కంటి అంచనాతో బిగిస్తే నాకొచ్చినట్టే వస్తుంది. టార్చ్ పరీక్ష ఇలాంటి లెన్స్‌ని పట్టుకోలేదు. నిజానికి ఇది ఆ పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులతో పాసవుతుంది. ఆరేళ్లు వాడిన జూమ్ లెన్స్‌లో నాలుగు దుమ్ము రేణువులు ఉండటం సహజం, వాటివల్ల ఫోటోకి నష్టం లేదు. ఒక్క రేణువు కూడా లేదంటే సంతోషించే ముందు స్క్రూలు చూడండి. ఫోకస్ రింగ్ రబ్బరు ఎక్కడైనా లేచి మళ్లీ అతికించినట్టుందేమో వేలితో తడిమి చూడండి.

పరీక్ష దుకాణం లోపల చేయకండి. వైడ్ లెన్స్‌తో దగ్గరి గోడని తీస్తే అంచులు మామూలుగానే కొంచెం మెత్తగా రావొచ్చు, తేడా తేలదు. నేనిప్పుడు చేసే పద్ధతి ఇది. పొద్దున ఎండెక్కకముందే ట్యాంక్‌బండ్ మీదికి వెళ్తాను. హుస్సేన్ సాగర్ అవతల నెక్లెస్ రోడ్డు వైపు దూరంగా ఉన్న ఒక భవనాన్ని ఎంచుకుంటాను. లెన్స్‌ని ఎఫ్/4 దగ్గర, అంటే పూర్తిగా తెరిచి ఉంచి, భవనాన్ని ఫ్రేము మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కి మార్చేస్తాను. ఇక ఫోకస్ ముట్టుకోను. కెమెరాని కొద్దికొద్దిగా తిప్పుతూ అదే భవనం నాలుగు మూలల్లోనూ వచ్చేలా నాలుగు ఫోటోలు. షట్టర్ వేగం ఎక్కువగా పెడతాను కాబట్టి చెయ్యి వణుకు లెక్కలోకి రాదు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో నాలుగు మూలలూ పక్కపక్కన పెట్టి చూస్తాను. మూలలు మధ్య భాగమంత పదునుగా ఉండకపోవచ్చు, అది తప్పు కాదు. నాలుగూ ఒకేలా ఉండాలి. మూడు బాగుండి ఒకటి చెడితే ఆ లెన్స్ వద్దు. 16 దగ్గర, 24 దగ్గర, 35 దగ్గర విడివిడిగా చేయాలి, ఎందుకంటే జూమ్ తిప్పితే లోపలి గ్రూపులు కదులుతాయి. మొత్తం పావుగంట పని. ఎండ ముదిరాక చేస్తే నీళ్ల మీద వేడిగాలి వణుకుతుంది, మంచి లెన్స్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది.

ట్యాంక్‌బండ్ దాకా పంపడానికి దుకాణం ఒప్పుకోకపోతే, కనీసం మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చి, దూరంగా కనిపించే కరెంటు తీగలు, బోర్డుల మీద ఇదే పని చేయండి. మెమరీ కార్డు మీది తీసుకెళ్లండి, చూడటం మాత్రం పెద్ద స్క్రీన్ మీద చూడండి. ఇంకొక మాట. కొన్న లెన్స్‌కీ ట్రిప్‌కీ మధ్య కనీసం వారం ఉంచుకోండి. నాకు ఆ వారం ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

దుకాణం సంగతి. తొమ్మిదో రోజు లెన్స్, ఫోటోల ప్రింట్లు, సర్వీస్ సెంటర్ వాళ్లు రాసిచ్చిన కాగితం తీసుకుని వెళ్లాను. ఓనరు ప్రింట్ల వైపు చూడనే లేదు. "నువ్వే ఏడనో పడేసినవ్ కావొచ్చు. స్టాంపు చూడలేదా?" అన్నాడు. బాగు చేయించుకోవడానికి సర్వీస్ సెంటర్ 14,000 అంచనా ఇచ్చింది, అదీ గ్యారంటీ లేకుండా.

ఆ స్టాంపు చూసి చాలామంది ఆగిపోతారు. ఆగకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. నేను 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. యూపీఐ రసీదు, ఎస్టిమేట్ చీటీ, దుకాణంతో నడిచిన వాట్సాప్ మెసేజీలు జత చేశాను. 'మింట్ కండిషన్' అన్న మాట ఆ మెసేజీల్లో రాతపూర్వకంగా ఉండటం నాకు చాలా పనికొచ్చింది. మీరూ బేరమంతా నోటితో కాకుండా మెసేజీల్లో జరపండి, "ఇంతకుముందు విప్పారా?" అని సూటిగా అడిగి జవాబు రాయించుకోండి. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియని వ్యక్తి దగ్గర కొంటే ఈ దారి ఇంత సులువు కాదు, అది కూడా గుర్తుంచుకుని ధర మాట్లాడుకోండి.

ఫిర్యాదు వెళ్లాక దుకాణం గొంతు మారింది. ముందు "వేరే లెన్స్ తీసుకో" అన్నారు, వద్దన్నాను. ఇప్పుడు 30,000 ఇస్తామంటున్నారు. పూర్తి డబ్బు ఇస్తేనే లెన్స్ ఇస్తానని చెప్పాను. ఇంకా తేలలేదు.

నాన్నకి విషయం చెప్పాను. "ఆ కొండలు ఏడికీ పోవులే" అన్నారు. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాను, కిట్ లెన్స్‌తోనే.

డబ్బు తిరిగొస్తే ఆ లెన్స్ మళ్లీ కౌంటర్ అద్దాల వెనక్కే చేరుతుంది. మీలో ఎవరికైనా చూపిస్తారు, టార్చ్ వేసి చూడమంటారు. గుర్తులు రాస్తున్నాను: 16-35 ఎఫ్/4, వెనక మౌంట్ మీద నాలుగు స్క్రూల్లో మూడింటికి పూత పోయింది, జూమ్ రింగ్ మీద 24 అంకెలో 4 సగం అరిగింది, ముందు అంచున గోరంత నొక్కు ఉంది. ఫోటోలో ఎడమవైపు చూడండి.