తూపిలిపాళెం ఒడ్డున గాలం: 4,850 పెట్టి కొన్న సెట్టు, వంద రూపాయల రొయ్యలు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు మీదుగా తూపిలిపాళెం సముద్రతీరం వంద కిలోమీటర్లకు పైనే. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే వెలుతురు రాకముందే ఇసుక మీదుంటాం. దారి గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పాల్సింది రీలు గురించి, అంటే గాలం లైను చుట్టే చక్రం గురించి.

తిరుపతిలోనే ఒక దుకాణంలో "సముద్రం సెట్టు" అంటూ 4,850 రూపాయలకు అంటగట్టారు. ఏడడుగుల రాడ్, 3000 సైజు రీలు, 0.25 మిల్లీమీటర్ల లైను. అది అచ్చంగా చెరువు సెట్టు. పొట్టి రాడ్ లైనును అలల పైకి ఎత్తి పట్టలేదు. విరిగే ప్రతి అలా లైనును కొట్టి బరువును ఒడ్డుకు ఈడ్చేస్తుంది. పైగా ఆ రాడ్ 40 గ్రాముల బరువు దాటితే విసరలేదు, 40 గ్రాములేమో ఆ నీటి లాగుడులో నిలవదు. రెండో పూటకే రీలు గరగరలాడింది, లైను జారే రోలరు బిగుసుకుపోయింది. తిరిగి తీసుకెళ్తే "ఉప్పునీళ్లు తగలనిచ్చారు" అని మా మీదికే తోశారు. సముద్రం సెట్టుకి ఉప్పునీళ్లు తగలకుండా ఎలా ఉంటాయి? డబ్బు పెట్టింది మా బావ. ఆ సాయంత్రమంతా ఆయన నోరు విప్పలేదు.

అందుకే కొనేముందు ఇవి అడగండి. రాడ్ పదకొండు నుంచి పన్నెండడుగులు, దాని మీద 80–150 గ్రాములు విసరొచ్చని రాసి ఉండాలి. లైను దూరే రింగుల లోపల సిరామిక్ వలయం ఉండాలి, లేకపోతే ఎప్పుడైనా అల్లిక లైను వాడితే అది రింగును కోసేస్తుంది. రీలు 6000 సైజు, అందులో 0.35 లేదా 0.40 మిల్లీమీటర్ల నైలాన్ లైను 250 మీటర్లు. దాని కొసకు లీడరు, అంటే విసురు దెబ్బను తట్టుకునే మందపాటి లైను ముక్క, తప్పనిసరి. లెక్క సులువే: ఔన్సు (సుమారు 28 గ్రాములు) బరువుకు పది పౌండ్ల బలం. లైనుకు కట్టే సీసం బరువు 110 గ్రాములైతే 40 పౌండ్ల లీడరు, పొడవు రాడ్‌కు రెట్టింపు, పైన రీలు మీద ఆరు చుట్లు. లీడరు లేకుండా గట్టిగా విసిరితే లైను తెగి సీసం తూటాలా పోతుంది. పక్కన మనుషులుంటే అది ప్రాణాంతకం. సీసం గుండ్రంగా ఉంటే దొర్లిపోతుంది. పిరమిడ్ ఆకారంలోదో తీగల కొక్కేలున్నదో అయితే ఇసుకను పట్టుకుంటుంది.

చోటు విషయంలో మాకు కళ్లు తెరిపించింది ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన. మేం బలమంతా పెట్టి ఎనభై మీటర్లకు విసురుతుంటే, "అంత దూరం ఎందుకేస్తావు నాయనా, చేప నీ కాళ్ల కాడే ఉండాది" అన్నాడు. నిజమే. అల తెల్లగా విరిగే చోట ఇసుక మెట్ట ఉంటుంది. అల విరగకుండా నీళ్లు ముదురు రంగులో కనిపించే పట్టీ లోతు కాలవ. చేప తిరిగేది అందులోనే, చాలాసార్లు ఇరవై ముప్పై మీటర్లలోనే. మెట్టకు గండి పడి నురగ వెనక్కి లాగే చోటు ఇంకా మేలు, కానీ అక్కడ నీళ్లలో దిగకండి. పోటు చివరి రెండు గంటలు, పాటు మొదటి గంట వదులుకోవద్దు. పోటు సమయం రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఎర కోసం నాయుడుపేటలో కొన్న ఐసు రొయ్యలు, పావుకిలో 120 రూపాయలు, దండగ. గడ్డకట్టి కరిగిన రొయ్య మెత్తబడి విసురుకే ఊడిపోతుంది. తప్పక వాడితే సాగే సన్నదారంతో గాలానికి చుట్టాలి. ఆ పెద్దాయనే వంద రూపాయలకు దోసెడు బతికున్న రొయ్యలిచ్చాడు. తల మీది ముల్లు కింద, లోపల కనిపించే నల్లమచ్చకు తగలకుండా గుచ్చితే అరగంటైనా కదులుతూనే ఉంటుంది. ఇది పండుగప్పకు. 3/0 సైజు సర్కిల్ గాలం (కొన లోపలికి వంగినది), లైను మీద జారే సీసం. చేప లాగినప్పుడు రాడ్‌ను ఎగరగొట్టకండి, ఊరికే చుట్టండి, గాలం తనంతట తానే పెదవి మూలకు పడుతుంది. చెన్నై వాళ్లు కిళంగాన్ అనే సన్నటి చేపకు 6 నంబరు చిన్న గాలం, ఒలిచిన రొయ్య ముక్క. ఎరగా కవళ్లు వాడితే ముక్కలు కోసి రాళ్ల ఉప్పులో రాత్రంతా ఉంచితే గట్టిపడతాయి.

జెల్ల పడితే చేత్తో పట్టుకోవద్దు. వీపు మీద ఒకటి, పక్కల రెండు విషపు ముళ్లుంటాయి. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచి, ఆసుపత్రికి వెళ్లాలి. దక్షిణంగా శ్రీహరికోట వైపు నడుచుకుంటూ పోవద్దు, అది నిషేధిత ప్రాంతం.

నాయుడుపేటలో లాడ్జి గది 1,100 రూపాయలు, శుభ్రంగానే ఉంది. పెద్దాయన ఇంట్లో మనిషికి 150కి పెట్టిన చేపల పులుసు తిన్నాకే బావ ముఖం విప్పారింది.

గదికి రాగానే రీలు డ్రాగ్ (చేప లాగితే లైను ఎంత బిగువుగా వదలాలో సర్దే మర) పూర్తిగా బిగించి, మంచినీళ్లు సన్నగా పోయండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు బేరింగుల్లోకి దూరుతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి, రోలరు మీద ఒక్క చుక్క నూనె. మా రీలు విప్పి చూస్తే రోలరు బేరింగు ఎర్రగా తుప్పు. కొత్తది 180 రూపాయలు.