బాత్రూం గోడకి పట్టుకునే కమ్మీ: ఆరు నెలలు వాడాక

షాపులో దీన్ని గ్రాబ్ బార్ అంటారు. మా అత్తగారికి మాత్రం కమ్మీ. ఆవిడకి 76 ఏళ్లు. బీపీ మాత్ర వేసుకుంటారు, కూర్చుని లేచేటప్పుడు అప్పుడప్పుడు కళ్లు తిరుగుతాయి. మొన్న సంక్రాంతికి ముందు కమోడ్ మీంచి లేస్తూ టవల్ రాడ్డు పట్టుకున్నారు. రాడ్డు స్క్రూలతో సహా ఊడి చేతికొచ్చింది. బకెట్ మీద పడ్డారు కాబట్టి మోచెయ్యి కమిలిపోవడంతో సరిపోయింది.

మొదట ఆన్‌లైన్‌లో రబ్బరు కప్పులతో గోడకి అతుక్కునే రకం తెప్పించాను. డ్రిల్లింగ్ అక్కర్లేదు కదా అని. అలాంటివి నిలవాలంటే టైలు నున్నగా ఉండాలి, కప్పు కింద రెండు టైల్స్ మధ్య అతుకు గీత రాకూడదు. మావి గరుకు టైల్స్. మూడో రోజు పొద్దున చూస్తే, ఎవరూ ముట్టుకోకుండానే కింద పడి ఉంది. వెనక్కి పంపేసి, రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక శానిటరీ షాపులో స్క్రూలతో బిగించే స్టీలువి రెండు కొన్నాను. 18 అంగుళాలది ఒకటి, 12 అంగుళాలది ఒకటి. 304 గ్రేడ్, అంటే తేలిగ్గా తుప్పు పట్టని స్టీలు. రెండూ కలిపి 1,650 రూపాయలు.

అసలు కథ బిగించేటప్పుడే. ప్లంబర్ వస్తూనే తన చేతికి అందిన ఎత్తులో మార్కు పెట్టేశాడు. "అందరికీ ఇక్కడే పెడతామమ్మా" అన్నాడు. అతన్ని ఆగమని, కమోడ్ మూత వేసి అత్తగారిని కూర్చోబెట్టాను. "అత్తయ్యా, రోజూ ఎలా లేస్తారో అలాగే లేవండి" అన్నాను. చెయ్యి గోడకి ఎక్కడ ఆనిందో అక్కడ స్కెచ్ పెన్నుతో గీశాను. మూడుసార్లు లేపితే మూడుసార్లూ అక్కడక్కడే ఆనింది. ప్లంబర్ మార్కుకి జానెడు కింద! పైగా ఆవిడ బలమంతా కుడి చేతిలోనే ఉంది. అతనేమో కుడివైపు పైపులున్నాయని ఎడమ గోడకి పెట్టబోయాడు. పైపు ఎటు పోతోందో చూసుకుని కుడివైపే వేయించాను, కాస్త విసుక్కున్నాడనుకోండి. చిన్నది గుమ్మం పక్కన నిలువుగా పెట్టించాను, గడప దాటేటప్పుడు పట్టుకోవడానికి.

బిగించాక మా ఆయన, 82 కిలోల మనిషి, వెనక్కి వాలి బలంగా లాగి చూశారు. కదల్లేదు. ఇప్పటికీ గట్టిగానే ఉంది.

లోపాలు లేకపోలేదు. ప్యాకెట్‌లో ఇచ్చిన స్క్రూలు మరీ పొట్టివి. టైలూ, వెనకున్న సిమెంటూ దాటి ఇటుకలోకి దిగాలి కదా. పొడుగు స్టీలు స్క్రూలు, అవి బిగుసుకోవడానికి గోడ రంధ్రంలో పెట్టే ప్లగ్గులు విడిగా కొనాల్సొచ్చింది. నున్నటి పాలిష్ వల్ల సబ్బు చేతికి కొంచెం జారుతుంది. గరుకు పట్టు ఉన్న రకం 200 ఎక్కువని మానేశాను, అది నా కక్కుర్తి. బోరు నీళ్లకి తెల్లటి మరకలు పడతాయి, నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి. తుప్పు మాత్రం లేదు.

అదే వారంలో గుమ్మం ముందు మడతలు పడే పాత పట్టా తీసేసి, మంచం నుంచి బాత్రూం దాకా దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టాం.

ఇప్పుడు నాకూ ఆవిడకీ ఉన్న గొడవల్లా ఒక్కటే. కమ్మీ మీద తడి తువ్వాలు ఆరేస్తారు. పట్టుకుంటే తువ్వాలుతో పాటు చెయ్యి కూడా జారుతుందని చెప్తే, "మరి ఊడిన టవల్ రాడ్డు నువ్వు మళ్లీ పెట్టించలేదుగా" అంటారు. రేపు తలుపు వెనక ఒక కొక్కెం కొట్టించాలి.