రొయ్యల గుంటల సర్వర్‌లో ఫోర్క్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లోని డీవో మీటర్ల (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేవి) రీడింగులు తీసుకుని, ఆక్సిజన్ పడిపోతే రైతుకు మెసేజ్ పంపే లినక్స్ సర్వర్ నేనే చూసుకుంటాను. సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్. మెసేజ్ స్క్రిప్ట్ నడపాలంటే మొదటినుంచీ ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు నకలుగా పిల్ల ప్రాసెస్‌ను పుట్టించడం), ఆ వెంటనే ఎగ్జెక్ (ఆ పిల్లలో వేరే ప్రోగ్రామ్ ఎక్కించడం). ఇన్నేళ్లు వాడాక చెప్తున్నా, థ్రెడ్లున్న (లోపల ఒకేసారి పలు పనులు నడిచే) ప్రోగ్రామ్‌లో ఫోర్క్‌ను నమ్ముకోవద్దు.

ఫోర్క్ చేస్తే పిల్ల ప్రాసెస్‌లోకి దాన్ని పిలిచిన థ్రెడ్ ఒక్కటే వస్తుంది. మిగతావి రావు. అవి పట్టుకున్న లాకులు (ఒకసారికి ఒక్క థ్రెడ్డే వాడేలా వేసే తాళాలు) మాత్రం వేసినవి వేసినట్టే వస్తాయి, తీసేవాళ్లు ఉండరు. మా దాంట్లో ఒక థ్రెడ్ లాగ్ లాక్ పట్టుకుని ఉండగానే ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసింది. పిల్ల ప్రాసెస్ ఎగ్జెక్‌కు ముందు లాగ్‌లో ఒక్క లైను రాయబోయి అక్కడే ఆగిపోయింది. తెల్లవారుజామున, సరిగ్గా నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళ. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. ప్రాసెస్‌ల లిస్టు చూపే పీఎస్ కొడితే ప్రాసెస్ కనబడుతూనే ఉంది, డీబగ్గర్ జీడీబీతో చూస్తే ఫ్యూటెక్స్ దగ్గర, అంటే లాక్ కోసం ఎదురుచూస్తూ, నిలబడి ఉంది. రొయ్య పైకి తేలడం కాపలా మనిషి చూసి ఏరేటర్లన్నీ వేయబట్టి పంట దక్కింది. ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. అదే నా అసలు టెన్షన్.

మెమరీ సంగతికొస్తే, కాపీ ఆన్ రైట్ (ఎవరైనా మార్చినప్పుడే కాపీ చేయడం) ఉండగా ఖర్చేముంది అంటారు. పేజీలు, అంటే మెమరీ ముక్కలు, అప్పటికప్పుడు కాపీ కావు, నిజమే. కానీ ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజీ టేబుళ్లు కాపీ కావాల్సిందే. 8 జీబీ వాడే ప్రోగ్రామ్‌కు 4 కేబీ పేజీలైతే 20 లక్షల పైచిలుకు ఎంట్రీలు, దాదాపు 16 ఎంబీ. ఎగ్జెక్ కాగానే అదంతా పారేయడమే. ఫైల్‌లోకి ఇంకా వెళ్లకుండా బఫర్‌లో మిగిలిన లైను తల్లీ పిల్లా ఇద్దరూ రాస్తే లాగ్‌లో ఒకే రీడింగ్ రెండుసార్లు పడుతుంది కూడా.

1970ల నాటి యూనిక్స్‌లో థ్రెడ్లు లేవు, ప్రోగ్రాములు చిన్నవి. అప్పటికి ఫోర్క్ చక్కటి ఉపాయం. కమాండ్లు నడిపే షెల్‌లో ఇప్పటికీ నాకిష్టమే. కానీ 2019లోనే మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, యూనివర్సిటీల పరిశోధకులు కలిసి ఫోర్క్‌ను పక్కన పెట్టమని పేపర్ రాశారు. పైథాన్ 3.14 కూడా లినక్స్‌లో మల్టీప్రాసెసింగ్‌కు (పనిని పలు ప్రాసెస్‌లకు పంచడానికి) ఫోర్క్‌ను డిఫాల్ట్‌గా వాడడం మానేసింది.

మేము పోసిక్స్ స్పాన్‌కు (కొత్త ప్రోగ్రామ్‌ను ఒకే పిలుపుతో మొదలుపెట్టే ఫంక్షన్) మారాం. లినక్స్ సీ లైబ్రరీ అయిన ఇప్పటి జీలిబ్‌సీలో అది పేజీ టేబుళ్లు కాపీ చేయదు, మధ్యలో మన కోడ్ నడవదు కాబట్టి లాక్ గొడవ లేదు. ఎగ్జెక్‌కు ముందు చేసుకునే చిన్నచిన్న సర్దుబాట్లన్నీ ముందే చెప్పుకోవాలి, అది కాస్త విసుగే. అయినా ఈ సర్వర్ కొత్త కోడ్‌లో ఫోర్క్ పెట్టనివ్వను.